నాన్నకు పులి కావాలి, నాకు షేక్ కాని ఫొటో కావాలి: కబిని, బందీపూర్‌కు ఏ లెన్సు?

సిల్క్‌బోర్డు బాధితురాలు:

అందరికీ నమస్కారం. మాది కావలి. ఉండేది బెంగళూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. ఏడేళ్లుగా ఇక్కడే ఉన్నా, వారాంతం వస్తే నందిహిల్స్ తప్ప ఎటూ పోయింది లేదు. ఏప్రిల్ రెండో వారంలో నాన్న వస్తున్నారు. ఆయన 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. శ్రీశైలం ఘాట్‌లో బస్సు నడిపిన మనిషి. "నల్లమలలో అన్నేళ్లు బండి తోలినా ఒక్కనాడూ పులి అడ్డం రాలేదమ్మే" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్తారు. ఆ కొరతేదో తీరుద్దామని కర్ణాటకలోని పులుల అడవులు చూసుకుని, కబినిలో ఒక రాత్రి, బందీపూర్‌లో ఒక రాత్రి బుక్ చేశాను. మొత్తం నాలుగు సఫారీలు. అందులో ఒకటి పడవ, మిగతావి జీపు.

నా బాధ కెమెరాతో. రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డీ7200 కొన్నాను. దాంతో 18-140, 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సులు వచ్చాయి. డిసెంబర్‌లో రంగనతిట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి 400 ఫొటోలు తీశాను. కెమెరా వెనక చిన్న తెరమీద అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే కొంగలన్నీ దూది ఉండలు. బన్నేరుఘట్ట సఫారీలో ఇంకా ఘోరం, వ్యాను కిటికీ జాలీ మాత్రం స్పష్టంగా పడింది, వెనకాల సింహం అలుక్కుపోయింది.

ఒకసారి ఒక షాపులో 150-600 అద్దెకు తెచ్చాను. లోపల ఫంగస్ ఉంది. తిరిగిచ్చేటప్పుడు అది నావల్లే వచ్చిందని డిపాజిట్‌లో కోత పెట్టారు. రెండు రోజుల్లో ఫంగస్ ఎలా పడుతుందండీ? అది ఊరగాయా? అప్పట్నుంచి అద్దె అంటే భయం. కానీ ఈ 300తో వెళ్తే పులి వచ్చినా ఉపయోగం ఉంటుందా? సెట్టింగులు ఏం పెట్టుకోవాలి? కబిని నీళ్లు, గోపాలస్వామి బెట్ట (బందీపూర్ దగ్గరి గుడి కొండ) కూడా తియ్యాలని ఉంది, ట్రైపాడ్ మొయ్యాలా? ఇంకో చిన్న సమస్య, నాన్న అయిదు నిమిషాలకు మించి మాట్లాడకుండా ఉండలేరు.

గురిచూసి క్లిక్:

మేడమ్, సూటిగా చెప్తా. 300తో పులిని తీస్తే ఫొటో కింద "ఇది పులి" అని రాసుకోవాల్సిందే. కనీసం 500, కుదిరితే 600 తీసుకెళ్లండి. షాపు మార్చండి. లెన్సు చేతికివ్వగానే వెనకనుంచి టార్చి కొట్టి చూడండి, ఫంగస్ ఉంటే సాలెగూడులా కనపడుతుంది. వాళ్ల ఎదురుగానే వీడియో తీసి పెట్టుకోండి. అంత డబ్బు పోసి అడవికి వెళ్తూ లెన్సు దగ్గర పిసినారితనం ఎందుకు?

బీన్‌బ్యాగ్ బాబాయ్:

టార్చి సంగతి తమ్ముడు బాగా చెప్పాడు. మిగతాది ఒప్పుకోను.

నాది అనంతపురం. బ్యాంకు బదిలీ పుణ్యమా అని 1996లో విజయనగర్ వచ్చి పడ్డాను, అదేనమ్మా, బెంగళూరు విజయనగర్. రిటైరయ్యాను. కబినికి ఎన్నిసార్లు వెళ్లానో నేను లెక్క మానేశాను, మా ఆవిడ మానలేదు.

ముందు ఒక పని చెయ్యి తల్లీ. రంగనతిట్టు ఫొటోల వివరాల్లో షట్టర్ స్పీడ్ ఎంతుందో చూడు. సెకనులో 1/125, 1/160 వంతు అలా ఉంటుందని నా పందెం. నీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 300 దగ్గర నీకు కనపడేది 450 లెన్సుతో చూసినంత. కొంగ ఎంత పెద్దదైతే చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. కూర్చున్న జంతువుకైనా 1/500 కావాలి. అది కదులుతుంటే 1/1000, పక్షి ఎగిరితే 1/2000. నువ్వేమో పడవలో ఉన్నావు, పడవ ఊగుతోంది, కెమెరా మాత్రం తన ఇష్టమొచ్చిన స్పీడు పెట్టుకుంది. దీనికి 600 తెచ్చి ఏం లాభం? దూది ఉండ కాస్తా దూది పరుపు అవుతుంది.

కాబట్టి డయల్‌ను ఎమ్ (మాన్యువల్) మీద పెట్టు. అపర్చర్, అంటే లెన్సు కన్ను, 5.6, షట్టర్ 1/1000, వెలుతురును పెంచి చూపే ఐఎస్‌ఓ ఆటో, దానికి పై హద్దు 6400. ఫోకస్ ఏఎఫ్-సీ, అది కదిలే జంతువు వెంటే పోతుంది. ఫొటోలు రా ఫైల్‌లో, అంటే కెమెరా చెయ్యి పెట్టని అసలు ఫైలు. అంతే, ఇక సఫారీ అయ్యేదాకా షట్టర్ ఒక్కదాన్నే అటూ ఇటూ తిప్పుకో. పొద్దున ఆరున్నరకు చెట్ల కింద వెలుతురు ఉండదు. ఏనుగు నిలబడి ఉంటే 1/320కి దించినా పరవాలేదు. గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వస్తుందని దిగులుపడకు. గ్రెయిన్‌ను ఇంట్లో కూర్చుని తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోను కుదుటపరచడం ఎవరివల్లా కాదు.

ఏనుగు, అడవిదున్న ఫ్రేము నిండా ఉంటే కెమెరా చీకటి పడిందనుకుని వెలుతురు ఎక్కువ ఇచ్చేస్తుంది, నల్లటి దున్న బూడిదరంగు గేదె అయిపోతుంది. అప్పుడు కాంపెన్సేషన్, అంటే వెలుతురు సవరింపు, మైనస్ 0.7 పెట్టుకో. నల్లటి నీళ్ల మీద చిన్నగా తెల్లకొంగ ఉంటే మైనస్ 1. లేకపోతే దాని రెక్కల్లో గీతలే ఉండవు, సున్నం కొట్టిన గోడలా వస్తుంది.

ఇప్పుడు నా పేరుకు కారణమైన వస్తువు. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి మోకాలి దాకా కత్తిరించి, ఒక వైపు కుట్టి, మూడు కిలోల బియ్యం పోసి, రెండో వైపు కూడా కుట్టెయ్. జీపు కమ్మీ మీద వేసి పైన లెన్సు ఆనించు. జీపులో ట్రైపాడ్ ఎక్కడ పెడతావు, పక్కవాళ్ల కాళ్ల మీదా? బియ్యం సంచిని మించింది లేదు. మా ఇంట్లో మాత్రం ఆ బియ్యం వండనని ఆవిడ తేల్చి చెప్పింది, పదేళ్లుగా అవే బియ్యం. ఇంకోటి, జీపు ఇంజను నడుస్తుంటే సంచి కూడా వణుకుతుంది. "అణ్ణా, ఇంజన్ ఆఫ్ మాడి" అను, అంతే. పడవలో దీనికి తిరకాసు, కమ్మీకి ఏదీ ఆనించొద్దు. మోటారు వణుకంతా లెన్సులోకి వస్తుంది. మోచేతులు పొట్టకు ఆనించుకుని చేత్తోనే పట్టుకో.

ఇక 300 సరిపోతుందా అన్నావు. కబినిలో ఏప్రిల్ అంటే ఏమిటో ముందు తెలుసుకో. 1974లో కట్టిన డ్యామ్ అది. వెనకాల నీళ్లు నాగరహొళె, బందీపూర్ అడవుల మధ్య పరుచుకుని ఉంటాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ ఒడ్డున పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవంతా ఎండిపోయి ఉంటుంది కాబట్టి ఏనుగులు గుంపులు గుంపులుగా అక్కడికే దిగుతాయి. కర్ణాటకలో ఏనుగులు ఆరు వేలకు పైగా, దేశంలో ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. అవన్నీ నీ కోసం బయటికొచ్చి నిలబడి ఉంటే నువ్వు 600 పెట్టి ఒక్కదాని కంటి ముడతలు తీస్తావా? మునిగిన అడవి తాలూకు మోడులు నీళ్లలోంచి పైకి తేలి ఉంటాయి. ఆ మోడులు, గడ్డి, వెనక కొండ గీత, మధ్యలో ఏనుగులు. 70 చాలు. ఒక్కోసారి 18-140 చాలు. జంతువు చిన్నగా ఉంటే ఫొటో పాడైపోదు. కంటి ముడతల ఫొటో జూలో తీసినా అలాగే వస్తుంది, ఈ చోటు మాత్రం కబినిలోనే ఉంది.

పులి విషయం నిజం చెప్తాను, నాన్నగారికి నువ్వెలా చెప్పుకుంటావో నీ ఇష్టం. 2022 లెక్కల్లో బందీపూర్‌లో 150 పులులు, నాగరహొళెలో 141. చాలా ఎక్కువే. కానీ సఫారీకి తెరిచేది అడవిలో కొంత భాగమే, దానికి తోడు లాంటానా కంప మనిషెత్తున పెరిగి ఉంటుంది. పది గజాల్లో పులి పడుకున్నా కనపడదు. కాబట్టి కళ్లకంటే చెవులు ముఖ్యం. దుప్పి అరిస్తే సగం నమ్ము, అది ఆకు కదిలినా అరుస్తుంది. కొండముచ్చు చెట్టు చిటారున కూర్చుని దగ్గుతున్నట్టు అరిస్తే ముప్పాతిక నమ్ము. కణితి, అంటే సాంబార్, హారన్ కొట్టినట్టు ఆగి ఆగి అరిచిందా, కెమెరా ఎత్తి పట్టుకో. నాన్నగారు డ్రైవరు అన్నావుగా, ఇంజనులో తేడా వస్తే చెవితో పట్టేసే మనుషులు వాళ్లు. ఆ పని ఆయనకు అప్పగించు. మాట్లాడటం దానంతటదే తగ్గుతుంది.

గోపాలస్వామి బెట్ట మీదికి సొంత కారు పోనివ్వరు, కింద ఆపి కేఎస్‌ఆర్‌టీసీ బస్సు ఎక్కాలి. ఎత్తు 1,454 మీటర్లు. ట్రైపాడ్ తెచ్చుకుంటే పనికొచ్చేది అక్కడే, తెచ్చుకోకపోయినా కొంప మునగదు. అపర్చర్ ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100. ఏప్రిల్ మధ్యాహ్నం ఆకాశం తెల్లగా వెలిసిపోయి ఉంటుంది, దాన్ని ఫ్రేములోంచి తీసెయ్. దూరంగా ఉన్నవాటిని జూమ్ చేసి తియ్యకు, ఎండకు గాలి అలలు అలలుగా ఊగి కొండ అంచులు మెత్తబడతాయి. ఒక మామిడి జల్లు పడిందా, నీ పంట పండినట్టే, దుమ్మంతా అణిగి కొండ వెనక కొండ వరసలుగా కనపడతాయి.

బందీపూర్ హైవే మీద ఏనుగు కనపడిందని కారు ఆపొద్దు. దిగనే దిగొద్దు. జరిమానా సంగతి అటుంచు, గున్నతో ఉన్న తల్లి ఏనుగుకు నీ ఫొటోగ్రఫీతో పనిలేదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు, టైము చూసుకుని బయల్దేరండి.

పాలపిట్ట:

బాబాయ్ గారు అన్నీ చెప్పేశారు, నాకు మిగిలింది అమ్మానాన్నలతో వెళ్లేవాళ్ల పాట్లు. మా అమ్మతో మూడుసార్లు వెళ్లాను. సఫారీ మధ్యలో కిందికి దిగనివ్వరు, పొద్దున టీ సగం కప్పుతో ఆపించండి. మోకాళ్ల నొప్పులుంటే జీపు ఎక్కడానికి ఒక స్టూలు అడగండి, చాలా చోట్ల ఇస్తారు. కొన్ని లాడ్జిల్లో లెన్సు సైజును బట్టి కెమెరాకు వేరే రుసుము ఉంటుంది, బుక్ చేసినచోట ముందే ఫోన్ చేసి కనుక్కోండి. 600 అద్దెకు తెస్తే అద్దె ఒకటి, ఇది ఇంకొకటి.

జీపులో లెన్సులు మార్చకండి. ఆ ఎర్రదుమ్ము సెన్సర్ మీద పడితే ఆకాశంలో మచ్చలే మచ్చలు. వేరే బాడీ లేదు కాబట్టి ఏ సఫారీకి ఏ లెన్సో గదిలోనే తేల్చుకుని బయల్దేరండి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తేవద్దు, అద్దం మీద ఆవిరి పట్టి పది నిమిషాలు ఏమీ కనపడదు. రాత్రే బ్యాగులో మూసి బాత్రూమ్‌లోనో వరండాలోనో పెట్టండి.

తిరుగుదారిలో ఓపికుంటే రంగనతిట్టు మళ్లీ వెళ్లండి, శ్రీరంగపట్నం పక్కనేగా. ఏప్రిల్‌లో గూళ్ల మీద పిల్లలుంటాయి. సాలిం అలీ చెప్పగా 1940లో రక్షిత ప్రాంతం చేసిన చోటు అది. మొసళ్లు, ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, అన్నీ పడవకు అంత దగ్గరగా ఉంటాయి, అక్కడ మీ 300 నిజంగా ఎక్కువే. మీ నెల్లూరు వాళ్లకు నేలపట్టు, పులికాట్ ఉండగా పక్షుల గురించి నేను చెప్పడం బాగుండదనుకోండి.

సిల్క్‌బోర్డు బాధితురాలు:

బాబాయ్ గారూ, పందెం మీదే. 400లో సగానికి పైగా 1/125. కొన్ని 1/80! అద్దె ఆలోచన మానేశాను. జీన్స్ ప్యాంటు కుట్టాను, బియ్యం బదులు బొబ్బర్లు పోశాను.

ఒక్క సందేహం. జీపులో ఏ వరస మంచిది? వెనకది ఎత్తుగా ఉంటుందని ఎవరో అన్నారు. నాన్నను ఫోన్లో అడిగితే "వెనక చక్రం మీది సీటు ఎవడైనా కోరి అడుగుతాడా? మధ్యలో కూచో" అన్నారు.

బీన్‌బ్యాగ్ బాబాయ్:

నాన్నగారి మాటే నా మాట. వెనక సీటులో దృశ్యం బాగుంటుంది, నడుం బాగుండదు. మధ్య వరసలో చివర కూర్చో. బొబ్బర్లకు పురుగు పడుతుంది, వచ్చాక ఎండబెట్టు.

సిల్క్‌బోర్డు బాధితురాలు:

వెళ్లొచ్చాం! నిన్న రాత్రి ఇల్లు చేరాం. నిద్ర తీరకుండానే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

కబిని మొదటి సఫారీ మధ్యాహ్నం. జీపు డ్రైవరుకు తెలుగు రాదు, నాన్నకు కన్నడ రాదు. అయినా గేటు దాటేలోపే ఇద్దరూ క్లచ్ ప్లేట్ల గురించి మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో నాకు తెలీదు. ఒడ్డుకు దిగేసరికి ఏనుగులు. నేను 26 లెక్కపెట్టాను, నాన్న 31 అన్నారు. చెయ్యి అలవాటుకొద్దీ 300 దాకా తిప్పేసింది. మీ మాట గుర్తొచ్చి వెనక్కి తిప్పాను. మోడులు, గడ్డి, ఆ గుంపు, 70 దగ్గరే తీశాను. ల్యాప్‌టాప్‌లో మొదటిసారిగా ఏనుగు కాలి గోళ్లు కనపడ్డాయి. బొబ్బర్ల సంచికి దండం పెట్టాను.

పొద్దున పడవలో మాత్రం చెప్పిన తప్పే చేశాను. మొసలి కనపడగానే ఆత్రంకొద్దీ మోచెయ్యి కమ్మీ మీద ఆనించాను. 1/500లో ఉన్నాను కూడా. పద్నాలుగు ఫొటోల్లో రెండే బతికాయి.

బందీపూర్ రెండో రోజు తెల్లారుజామున. దారి పక్కన జీపు ఆపి ఉంది, ఇంజను కూడా ఆపేశారు. నాన్న నా భుజం మీద తట్టి వేలు చూపించారు. అప్పటికి మాకెవరికీ ఏమీ వినపడలేదు. తర్వాత వినపడింది, హారన్ లాగే, ఆగి ఆగి. డ్రైవరు నాన్న వైపు తిరిగి తలూపాడు. 25 నిమిషాలు. నాన్న ఒక్క ముక్క మాట్లాడలేదు, అమ్మకు ఫోన్ చేసి ముందు చెప్పిన విషయం ఇదే. కంపలోంచి వచ్చింది, రోడ్డు దాటింది, వెళ్లిపోయింది. నాలుగైదు సెకన్లు. నేను తొమ్మిది తీశాను. మొదటి నాలుగింటిలో ఫోకస్ లాంటానా కొమ్మ మీద, మూడింటిలో పులి అలుక్కుపోయింది, ఒకదాంట్లో నడుము, ఆఖరిదాంట్లో తోక. తోక మాత్రం చాలా షార్ప్. తప్పు ఎక్కడ జరిగిందో రాత్రి తెలిసింది. ముందు రోజు ఒక పాలపిట్టను (పక్షినేనండీ) తియ్యడానికి ఫోకస్‌ను ఒక్కచోటే పట్టి ఆగిపోయే ఏఎఫ్-ఎస్‌కు మార్చి, మళ్లీ మార్చడం మర్చిపోయాను. "మగపులి, మెడ నా నడుమంత లావు" అని నాన్న ఇప్పుడు చుట్టాలకు చెప్తున్నారు, రుజువు అడిగితే తోక ఫొటో పంపమంటున్నారు.

బెట్ట మీద మామిడి జల్లు పడింది! బస్సులో పైకి వెళ్లేసరికి పొగమంచు. ఫొటో ఏమొస్తుందిలే అని నేను గుడి మెట్ల మీద కూర్చుంటే నాన్న రోడ్డు అంచున నిలబడి కిందికి చూస్తున్నారు. వెళ్లి చూస్తే మంచులోంచి ఇంకో బస్సు మలుపు తిరిగి పైకి వస్తోంది, లైట్లు వేసుకుని, వెనకాల మూడు నాలుగు వరసల కొండలు నీలంగా. 18-140 తగిలించి ఉంది, ఎఫ్ 8, నాలుగు తీశాను. "సెకండ్ గేరులో వస్తన్నాడు, బాగా తోలతన్నాడు" అన్నారు నాన్న.

ఏనుగులు, మొసలి, పులి తోక, అన్నీ చూపించాక కావలి ఇంట్లో గోడకు ఆయన కోరింది ఈ బస్సు ఫొటో. పెద్దగా వెయ్యాలట. 24 మెగాపిక్సెల్ ఫొటో ఎంత సైజు దాకా వెయ్యొచ్చు?

గురిచూసి క్లిక్:

600 తీసుకెళ్లి ఉంటే ఆ బస్సుకు నంబర్‌ప్లేటు మాత్రం పడేది. ఒప్పుకుంటున్నా. ఆ తోక ఫొటో కూడా పెట్టండి మేడమ్, చూద్దాం.

బీన్‌బ్యాగ్ బాబాయ్:

నీ ఫొటో 6000 బై 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున వేసుకుంటే 20 బై 13 అంగుళాలు వస్తుంది. 18 బై 12 నిశ్చింతగా వేయించు. గోడకు కాస్త దూరం నుంచే చూస్తాం కాబట్టి 30 బై 20 వేసినా మంచు, కొండలు కనక తెలియదు. మ్యాట్ పేపరు అడుగు. మెరిసే కాగితం వేస్తే కావలి ఇంట్లో ట్యూబులైటు తప్ప కొండ కనపడదు. కంప్యూటర్ తెర కన్నా కాగితం ఎప్పుడూ కొంచెం చీకటిగా వస్తుంది, ఫొటోను ఒక పిసరు వెలుతురు పెంచి పంపు. రంగులు, కాంట్రాస్టు వాళ్లు సొంతంగా ముట్టుకోవద్దని రాసివ్వు, లేకపోతే మంచును శుభ్రంగా తుడిచేసి ఇస్తారు. ముందు 6 బై 4 ఒకటి వేయించి చూసుకుని, అప్పుడు పెద్దది.

సిల్క్‌బోర్డు బాధితురాలు:

18 బై 12, మ్యాట్. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు చిన్నది వేయిస్తాను. బొబ్బర్లు బాల్కనీలో ఎండలో పోశాను బాబాయ్ గారూ, అప్పుడే రెండు పురుగులు కనపడ్డాయి.